కుడి క్యాంటర్ ఎత్తుకోని గుర్రం: నా తప్పులతో సహా ఒక కేసు

ఇది రాసే ముందు ఆ గుర్రం ఓనర్‌ని అడిగాను. "రాయండి సార్, కానీ మేమని ఎవరికీ తెలియకూడదు" అన్నారావిడ. అందుకని గుర్రం పేరు మార్చాను, ఇక్కడ బాదం అందాం. రంగు కూడా బాదం రంగు కాదు. నెలలు కాస్త అటూ ఇటూ జరిపాను. మార్చనివి రెండే: గుర్రం చేసిన పనులు, నేను చేసిన పొరపాట్లు.

డ్రెస్సాజ్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఇరవై మీటర్ల వెడల్పు, నలభై లేదా అరవై మీటర్ల పొడవున్న ఇసుక బరిలో గుర్రం రౌతు సైగల మీద నడక, ట్రాట్ (నడక కన్నా వేగంగా, రెండు దెబ్బల లయలో), క్యాంటర్ (ఇంకా వేగంగా, మూడు దెబ్బల లయలో) చేసి చూపిస్తుంది, ఒక్కో కదలికకి జడ్జి సున్నా నుంచి పది దాకా మార్కులేస్తారు. చూసేవాళ్లకి రౌతు ఏమీ చేయట్లేదనిపించాలి. అక్కడికి రావడానికే ఏళ్లు పడతాయి.

గుర్రం, మనిషి

2023 సెప్టెంబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ టీమ్‌కి గోల్డ్ వచ్చింది. అనూష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా. గుర్రపు స్వారీలో మనకి 1982 తర్వాత అదే మొదటి గోల్డ్. ఆ వారమంతా నా ఫోన్ మోగుతూనే ఉంది, "సార్, ఆ గుర్రం డాన్స్ చేసేది మీ దగ్గర నేర్పుతారా" అని. ఈ కేసులో ఓనర్ అలా ఫోన్ చేసినవాళ్లలో ఒకరు. ముప్పై దాటిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, చిన్నప్పుడు ఆరేళ్లు కూచిపూడి నేర్చుకున్నారు (ఇది తర్వాత పనికొచ్చింది). మా స్కూల్ గుర్రాల మీద ఏడాదిన్నర నేర్చుకుని, ఒకరోజు చెప్పా పెట్టకుండా సొంత గుర్రం కొనేశారు. కొనేముందు అడిగి ఉంటే వద్దనేవాణ్ణి. అడగలేదు.

బాదం ఏడేళ్ల థరోబ్రెడ్ (రేసుల జాతి), గెల్డింగ్ (విత్తులు తీసేసిన మగ గుర్రం). ఐదో ఏట దాకా రేసుల్లో పరిగెత్తింది, ఏ ఊళ్లో అన్నది వదిలేద్దాం. తర్వాత ఏడాదిపాటు ఎవరి ఫామ్‌హౌస్‌లోనో ఊరికే నిలబడి ఉంది. మా హైదరాబాద్‌లో ఇది కొత్తేం కాదు. మలక్‌పేటలో 1886లోనే రేసులు మొదలయ్యాయి, రేసులు మానేసిన గుర్రాలు ఏటా ఏదో ఒక చోట తేలుతూనే ఉంటాయి, మొయినాబాద్, శంషాబాద్ వైపున్న లాయాల్లో సగం తలలు అవే. మంచి గుర్రాలే. కాకపోతే వాటికి నేర్పిన భాష వేరు. రేసు గుర్రానికి జాకీ పగ్గం బిగిస్తే ఆ బిగువు మీద ఆనుకుని ఇంకా తొయ్యడం అలవాటవుతుంది, ఆగడం కాదు. జాకీ రికాబులు పొట్టిగా కట్టుకుని పైన వంగి ఉంటాడు కాబట్టి డొక్కల్ని కాలితో తాకడం అంటే ఏంటో దానికి తెలియదు. మనమొచ్చి పగ్గం పట్టి, కాలు ఆనించి, "నెమ్మది" అంటాం. దానికి వినపడేది "పరిగెత్తు" అని.

ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసీ ఏం చేశానో కింద రాశాను.

వచ్చినప్పుడు ఉన్న సమస్య

జూన్ మొదట్లో వచ్చింది. ఓనర్ చెప్పిన ఫిర్యాదులు మూడు. పగ్గం అందుకోగానే తల ఆకాశానికి ఎత్తేస్తుంది. ఎడమ వైపు క్యాంటర్ ఇస్తుంది గానీ కుడి వైపు ఎంత అడిగినా ఎడమ కాలి మీదే లేస్తుంది (కుడి క్యాంటర్‌లో కుడి ముందు కాలు ముందుకి సాగాలి, ఎడమ క్యాంటర్‌లో ఎడమది), లేదా ట్రాట్‌లోనే తుర్రుమంటుంది. జీను చూస్తే చెవులు వెనక్కి పెడుతుంది.

నేను ఎక్కి చూశాను. ఎడమ పగ్గంలో బకెట్ నీళ్లు మోస్తున్నంత బరువు, కుడి పగ్గంలో ఏమీ లేదు. తోక అస్తమానం కొట్టుకుంటోంది, పళ్లు నూరుతోంది. ఈ పళ్లు నూరడం నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. రాసుకుని పక్కన పెట్టాను.

అంతకుముందు దీన్ని చూసిన ఒకాయన ఓనర్‌తో "నోరు రాయి అయిపోయిందమ్మా, గట్టిగా ఉండాలి" అని చెప్పారట. మన సామెత ఉందిగా, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని. లాయంలో ఎవరు కొరడా తీసినా ఈ సామెత కూడా తీస్తారు. ఆ మాట నేను పైకి ఒప్పుకోలేదు గానీ, తర్వాతి ఆరు వారాలు చేసింది అదే.

మొదటి ఆరు వారాలు, అన్నీ తప్పులే

నా లెక్క ఇలా ఉండేది. తల పైకెత్తితే వీపు కిందికి కుంగుతుంది, వీపు కుంగితే వెనక కాళ్లు పొట్ట కిందికి రావు, వెనక కాళ్లు రాకపోతే క్యాంటర్ సరిగ్గా ఎత్తుకోదు. కాబట్టి తల దించితే అన్నీ సర్దుకుంటాయి. వినడానికి సబబుగానే ఉంది. తల పైకి ఎందుకు వెళ్తోందన్న ప్రశ్న ఒక్కటే అందులో లేదు.

ముందు ముక్కు పట్టీ బిగించాను, నోరు తెరవకుండా. నాలుగో రోజుకి తల ఎత్తడం తగ్గింది, నూరడం పెరిగింది. తర్వాత బిట్ (పగ్గాలు తగిలించే, నోట్లో ఉండే ఇనుప కడ్డీ) మార్చాను, ఇంకాస్త పదునుగా పనిచేసేది. రెండు రోజులు గౌరవంగా ఉంది, మూడో రోజు నించుని వెనక్కి నడవడం మొదలెట్టింది. ఇక చివరికి డ్రా రెయిన్స్ వేశాను. అంటే తంగు (జీనుని పొట్ట కింద బిగించే పట్టీ) దగ్గర్నుంచి బిట్ రింగుల గుండా రౌతు చేతికొచ్చే అదనపు పగ్గాలు. లాగితే గుర్రం ముక్కు ఛాతీ వైపు ముడుచుకుంటుంది. పోటీల్లో వీటిని వేసుకుని బరిలోకి రానివ్వరు, ఇంటి దగ్గర మాత్రం చాలామంది వాడతారు, నేనూ వాడాను.

డ్రా రెయిన్స్‌తో బాదం ఫొటోలో అద్భుతంగా ఉంది. మెడ విల్లులా వంగి, నోట్లో నురగ. ఓనర్ ఇన్‌స్టాలో పెడితే లైకులే లైకులు. నేనూ ఒకటి కొట్టాను.

ఇదిలా ఉండగా కుడి క్యాంటర్ డ్రిల్లు. మూలకి వచ్చిన ప్రతిసారీ అడగడం, తప్పు కాలి మీద లేస్తే ఆపి మళ్లీ అడగడం. ఇరవై, ముప్పై సార్లు. వారం తిరిగేసరికి ఆ మూల కనపడగానే చెమటలు, మూలకి పది మీటర్ల ముందే పరుగు. గుర్రానికి నేను నేర్పింది ఒకటే, ఈ మూలలో గొడవ జరుగుతుందని.

జూలై మధ్యలో ఒక పొద్దున, రాత్రి వాన పడి ఇసుక నున్నగా పరుచుకుని ఉంది. బాదాన్ని డ్రా రెయిన్స్‌తో నడిపించాక వెనక్కి తిరిగి అడుగులు చూశాను. హాయిగా నడిచే గుర్రం వెనక గిట్ట ముందు గిట్ట ముద్రని దాటి పడుతుంది. బాదానిది ముందు ముద్రకి బెత్తెడు వెనకే ఆగిపోయింది. ఎడమ వెనక కాలిదైతే జానెడు. అంత అందంగా మెడ వంచిన గుర్రం వెనక కాళ్లని ఈడ్చుకుంటూ నడుస్తోంది. డ్రా రెయిన్స్ ఆ రోజే తీసేశాను, కానీ బదులుగా ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

చాచా చూపించిన పొడి మచ్చ

మా లాయంలో ఒక పెద్ద సైస్ (గుర్రాల్ని చూసుకునే మనిషి) ఉన్నారు, పాతబస్తీ మనిషి, అందరికీ చాచా. ట్రాట్‌ని ఆయన ఇప్పటికీ దుల్కీ అనే అంటారు. ఆ రోజు జీను దించాక నన్ను పిలిచారు. "సార్, ఇధర్ దేఖో. ఇక్కడ పసీనా లేదు."

జీను కింద వీపంతా చెమటతో నల్లగా తడిసి ఉంది. ఎడమ వైపు, భుజం ఎముక వెనక, అరచేయంత మేర మాత్రం వెంట్రుకలు పొడిగా, లేతగా. కుడి వైపు అలాంటిది లేదు. జీను కింద వేసే గుడ్డ చూస్తే అందులోనూ అదే మచ్చ.

ఇక్కడ తొందరపడకూడదు. పొడి మచ్చకి రెండు కారణాలుండొచ్చు. జీను అక్కడ అసలు ఆనకపోయినా పొడిగానే ఉంటుంది. మరీ గట్టిగా, ఎడతెగకుండా నొక్కినా చెమట గ్రంథులు పనిచేయక పొడిగానే ఉంటుంది. ఏదో తెలియాలంటే చెయ్యి పెట్టాలి. జీను మళ్లీ వేసి, ఓనర్‌ని ఎక్కించి, అరచెయ్యి లోపలికి దూర్చాను. కుడి వైపు చెయ్యి సులువుగా జారింది. ఎడమ వైపు వేళ్లు నలిగిపోయాయి. మచ్చ మీద వేలితో కాస్త ఒత్తితే బాదం వీపు కిందికి జారిపోయి, తల తిప్పి నా భుజం అందుకోబోయింది.

చాచా ఇంకో మాట అన్నారు. రోజూ ఖరారా (ఒళ్లు రుద్దే దువ్వెన) కొట్టేటప్పుడు అక్కడికి రాగానే ఇది చర్మం వణికిస్తుందట, నెల నుంచీ. మరి చెప్పలేదేం అంటే, "మీరు అడగలేదు కదా సార్" అన్నారు. నిజమే. ఆరు వారాల్లో గుర్రాన్ని రోజూ రెండు గంటలు తాకే మనిషిని నేను ఒక్క మాట అడగలేదు.

డాక్టర్ వచ్చాక

స్వారీ ఆపేసి వెటర్నరీ డాక్టర్‌ని పిలిపించాను. ముందు కుంటు ఉందేమో చూశారు: గట్టి నేల మీద తిన్నగా, తర్వాత మెత్తటి నేల మీద రెండు వైపులా వలయాల్లో, ఆ తర్వాత ఒక్కో కాలూ మడిచి పట్టి వదిలి ట్రాట్ చేయించి. కుంటు లేదు. వీపు ఎక్స్‌రే తీయిద్దామా అని ఓనర్ అడిగారు. ఇక్కడ కొంత చర్చ జరిగింది. డాక్టర్ మాట ఏంటంటే, కంటికి కనపడే కారణాలు ముందు తొలగిద్దాం, రెండు నెలల్లో మార్పు లేకపోతే అప్పుడు తప్పకుండా తీద్దాం. నాకు సబబుగానే అనిపించింది. కానీ ఆ రెండు నెలల గడువు నోట్‌బుక్‌లో తేదీతో సహా రాశాను. లేకపోతే ఇంకో వారం, ఇంకో వారం అంటూ ఆరు నెలలు పోతాయి, అది నా అలవాటే.

తర్వాత నోరు. మత్తు ఇచ్చి, నోరు తెరిచి పట్టే ఇనుప చట్రం పెట్టి, టార్చ్ వేసి నన్ను చూడమన్నారు. గుర్రం పళ్లు చిగుళ్లలోంచి పైకి వస్తూనే ఉంటాయి, గడ్డి నమిలి అరిగిపోతుంటాయి. పై దవడ కింది దవడ కన్నా వెడల్పు కాబట్టి పై పళ్ల బయటి అంచులూ కింది పళ్ల లోపలి అంచులూ అరగకుండా మిగిలి బ్లేడుల్లా తయారవుతాయి. బాదానికి ఎడమ బుగ్గ లోపల ఆ బ్లేడు కోసిన పుండు ఉంది, రూపాయి బిళ్లంత. దానికి తోడు పైన నమిలే పళ్లకి ముందు చిన్న వూల్ఫ్ టూత్ ఒకటి, సరిగ్గా బిట్ ఆనే చోట. ఇవన్నీ ఉన్న నోటికి నేను ముక్కు పట్టీ బిగించి, బుగ్గని పళ్లకేసి అదిమి, పైన పదును బిట్ వేశాను. నోరు రాయి అయిందన్నారు కదా, ఆ నోరు అప్పటికి నెలలుగా పచ్చి పుండు.

పళ్లు అరగదీశారు, వూల్ఫ్ టూత్ తీసేశారు, మూడు వారాలు బిట్ వద్దన్నారు. మేత మీద కూడా గట్టిగానే చెప్పారు. రేసులప్పటి దానా అలాగే నడుస్తోంది, మూడు పూటలా ఓట్స్, శనగలు, గడ్డి కాసింత, రోజంతా పెట్టెలో నిలబడటం. గుర్రం కడుపు తిన్నా తినకపోయినా ఆమ్లం చేస్తూనే ఉంటుంది, కడుపు ఖాళీగా ఉంటే ఆ ఆమ్లం కడుపునే తింటుంది. దానా తగ్గించి, రోజుకి కనీసం ఏడు కిలోల ఎండు గడ్డి, కొంచెం లూసర్న్ మేత, పొద్దునా సాయంత్రం బయట వదలడం. స్వారీకి ముందు రెండు గుప్పెళ్ల గడ్డి పెట్టమన్నారు, కడుపు ఖాళీగా పరిగెత్తితే ఆమ్లం పైకి చిమ్ముతుందని. పది రోజుల్లో జీను చూసి చెవులు వెనక్కి పెట్టడం సగానికి తగ్గింది. జీను అప్పటికింకా వెయ్యనే లేదు లెండి, చూపించడమే.

జీను సంగతి: జీను అడుగున ఎడమ వైపు దిండులోని ఉన్ని గడ్డకట్టి అణిగిపోయింది. ఉన్ని నింపే పని తెలిసిన పాత తోలుపనివాడు ఒకరు దొరికారు, రెండు వైపులా విప్పించి మళ్లీ నింపించాం.

ఎడమ దిండే ఎందుకు అణిగింది?

ఈ ప్రశ్న అడగకుండా వదిలేసి ఉంటే మూడు నెలల్లో మళ్లీ మొదటికొచ్చేవాళ్లం. జీను ఒక వైపే అణిగిందంటే ఎవరో ఒక వైపే కూర్చుంటున్నారు.

బరి చివర స్టూల్ మీద ఫోన్ పెట్టి, ఓనర్‌ని వేరే గుర్రం మీద ఫోన్‌కి దూరంగా తిన్నగా వెళ్లమన్నాను, వెనక నుంచి వీడియో. పక్క నుంచి చూస్తే ఆవిడ కూర్చోవడం చూడముచ్చటగా ఉంటుంది, ఏడాదిన్నర నుంచి నేను చూస్తున్నది పక్క నుంచే. వెనక నుంచి చూస్తే ఎడమ పిరుదు రెండు వేళ్లు కిందికి, కుడి భుజం పైకి, కుడి మడమ లేచి. రికాబు తోళ్లు విప్పి పక్కపక్కన వేలాడదీశాం. ఎడమది వేలు మందానికి పైగా పొడుగు! రంధ్రాలు రెండు వైపులా సమానమే, తోలు సాగింది. ఎందుకు సాగదు, మనమంతా గుర్రం ఎక్కేది ఎడమ వైపు నుంచే, రోజూ మన బరువంతా ఆ ఒక్క తోలు మీదే.

అప్పుడు మొత్తం గొలుసు కనపడింది. క్యాంటర్‌లో అడుగుల వరస చూడండి. కుడి క్యాంటర్ ఎడమ వెనక కాలితో మొదలవుతుంది. తర్వాత కుడి వెనకా ఎడమ ముందూ కలిసి, చివర్న కుడి ముందు కాలు. అంటే కుడి క్యాంటర్ అడిగామంటే గుర్రాన్ని "నీ ఎడమ వెనక కాలిని పొట్ట కిందికి తెచ్చి, బరువంతా దాని మీద ఎత్తు" అని అడిగినట్టు. సరిగ్గా ఆ ఎడమ వైపే వీపు మీద పుండంత నొప్పి, దాని మీద ఒరిగిన రౌతు. తెచ్చే దారి లేదు. నేను చూసి "కుడి బలహీనం" అని రాసుకున్నాను. కుడికి ఏమీ కాలేదు.

ఓనర్‌కి చెప్పడం ఇంకో కథ. "అంటే తప్పు నాదా సార్?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తోలుది, జీనుది, పళ్లది, నాది, ఆ తర్వాత మీది, ఆ వరసలో అన్నాను. అది ఓదార్పు కోసం అన్నది కాదు, నిజంగా నా లెక్క అదే.

మళ్లీ మొదట్నుంచి

మూడు వారాలు ఎవరూ ఎక్కలేదు. ముక్కు మీద రింగు ఉండే కేవసన్ అనే తలకట్టు వేసి, గుర్రాన్ని మన చుట్టూ తిప్పే లుంజింగ్ తాడు మీద నడక, ట్రాట్, రోజుకి ఇరవై నిమిషాలు. బిట్ నుంచి పక్కలకి కట్టే సైడ్ రెయిన్స్ కట్టలేదు. కడితే మెడ ఆకారం త్వరగా వచ్చేది, కానీ ఈ గుర్రానికి తలని ఎవరో పట్టుకోవడం అంటేనే భయం, దాని తల దానికి తిరిగి ఇచ్చేయాలని నా ఉద్దేశం. ఎనిమిదో రోజు ట్రాట్‌లో మెడ తనంతట తానే కిందికి సాచి, ముక్కుతో బుస్సుమని ఊపిరి వదిలింది. వీపు ఊగడం మొదలైంది. చాచా నా వైపు చూసి తల ఊపారు.

డ్రెస్సాజ్‌లో అందరూ వల్లించే మెట్లు ఆరు ఉన్నాయి: లయ, సడలింపు, పగ్గంతో సంబంధం, ఊపు, తిన్నదనం, ఒడుపుగా కూడదీసుకోవడం. నేను మొదట్లో మూడో మెట్టు మీద దూకి, కాలు విరగ్గొట్టుకున్నాను. ఈసారి నెలంతా మొదటి మెట్టు మీదే.

లయ నేర్పడానికి కూచిపూడి పనికొచ్చింది. నడకకి నాలుగు దెబ్బలు, ట్రాట్‌కి రెండు, క్యాంటర్‌కి మూడు. "వన్ టూ త్రీ ఫోర్" అంటే ఆవిడ లెక్క తప్పేవారు. తకధిమి అనండి అన్నాను. నడకలో తకధిమి, ట్రాట్‌లో తక తక, క్యాంటర్‌లో తకిట. ఆ రోజు నుంచి ఆవిడ నోటితో చెబుతూ స్వారీ చేస్తారు, ట్రాట్ తొందరపడితే ఆవిడకి నాకన్నా ముందే వినపడుతుంది, పక్క లాయం వాళ్లు నవ్వుకుంటారు, పోనీ.

పగ్గం గురించి కూడా ఇలాగే. "చేతులు మెత్తగా" అని ఏడాదిన్నర చెప్పాను, ఏం అర్థమైందో దేవుడికి తెలియాలి. ఒకరోజు అడిగాను, సంక్రాంతికి పతంగి ఎగరేశారా అని. ఎగరేయకుండా ఎలా ఉంటారు, హైదరాబాద్ పిల్ల. గాలిలో పతంగి నిలిచి ఉన్నప్పుడు మాంజా చేతిలో ఎలా ఉంటుంది? వదులుగా ఉండదు, లాగుతూనూ ఉండం, పతంగి అడిగితే ఢీల్ ఇస్తాం, గాలి తగ్గితే చుట్టుకుంటాం, ఎప్పుడూ అటు చివర ఏదో ప్రాణం తగులుతూనే ఉంటుంది. పగ్గం అంతే. ఎడమ పగ్గం ఈడ్చడం ఆ రోజు కాకపోయినా ఆ వారంలో తగ్గింది. బిట్ కూడా మెత్తగా పనిచేసే మామూలు ఎగ్‌బట్ స్నాఫుల్‌కి తిరిగొచ్చాం, ముక్కు పట్టీ కింద ముక్కు ఎముక మీద రెండు వేళ్లు దూరాలి.

ఆవిడకి విడిగా పని. వారానికి రెండు రోజులు రికాబులు లేకుండా, పగ్గాలు లేకుండా, నేను తాడు పట్టుకుని, ఆవిడ చేతులు చాచి కుడి పిరుదు మీద బరువు వెతుక్కోవడం. మొదట్లో సమానంగా కూర్చుంటే కుడికి పడిపోతున్నానని గోల పెట్టారు. వంకరకి అలవాటైన ఒంటికి తిన్నగా ఉండటమే వంకరగా తోస్తుంది.

మధ్యలో ఒక వారం మొత్తం పోయింది. పక్క ఊళ్లో గణేశ్ నిమజ్జనం డీజే, పటాకులు, బాదం కంచె దూకబోయి మోకాలు గీరుకుంది. వానల్లో గిట్టల కింద కుళ్లు కూడా కాస్త పట్టింది. ఇవి రాయాల్సినంత పెద్దవి కావు, కానీ కేస్ స్టడీల్లో అన్నీ సాఫీగా జరిగినట్టు ఉంటుంది చూడండి, అలా జరగదు.

కుడి క్యాంటర్

సెప్టెంబర్ చివర్లో రెండు నెలల గడువు వచ్చింది. పొడి మచ్చ లేదు. ఒత్తితే వీపు జారట్లేదు. తడి ఇసుకలో వెనక గిట్ట ముందు ముద్రని బెత్తెడు దాటి పడుతోంది, ఎడమది కూడా. ఎక్స్‌రే అక్కర్లేదనుకున్నాం. అప్పటికింకా కుడి క్యాంటర్ అడగనే లేదు.

అడగడానికి ముందు ఎడమ వెనక కాలికి పని చెప్పాలి. కుడి వలయంలో ఇరవై మీటర్ల నుంచి పన్నెండు దాకా చుట్టుకుంటూ లోపలికి, అక్కడ్నుంచి కుడి కాలితో నెట్టి పక్కకి అడుగులేయిస్తూ మళ్లీ బయటికి. ట్రాట్ నుంచి నడక, నడక నుంచి ట్రాట్, పది అడుగులకోసారి, పగ్గంతో కాకుండా నడుంతో, ఊపిరితో. బరి పొడుగు వైపున ముందు భుజాలు అంగుళం లోపలికి తెచ్చి నడిపించడం. నేల మీద దూలాలు. ఎర్రమట్టి వాలు మీదికి మెల్లగా నడిచి ఎక్కడం, ఇది మాత్రం వెనక కాళ్లకి అన్నిటికన్నా బాగా పనిచేసిందని నా అభిప్రాయం, పైగా బరికి దూరంగా కాబట్టి ఆ పాత మూల కనపడదు.

అడిగే చోటు కూడా మార్చాను. మూలలో అడగం. వలయం మధ్యలో, బయటికి పక్కడుగులు వేస్తున్నప్పుడు, ఒక దూలం దాటబోతుండగా. నియమం ఒకటే: రోజుకి మూడు సార్లకి మించి అడగం, తప్పు కాలి మీద లేస్తే ఏమీ అనం, నెమ్మదిగా ట్రాట్‌కి తెచ్చి వేరే పని చేసి మళ్లీ వస్తాం. మందలింపుకి అర్థం ఏంటో గుర్రానికి తెలియదు, క్యాంటర్ అంటే మందలింపు అని మాత్రం తెలిసిపోతుంది.

మొదటి నాలుగు రోజులు ఎడమ కాలి మీదే లేచింది. ఐదో రోజు నేను అటు చూడట్లేదు, చాచాతో గడ్డి బండి గురించి మాట్లాడుతున్నాను. వెనకనుంచి "తక తక తక తకిట తకిట తకిట" అని వినపడింది, ఆవిడ గొంతు పైకి లేచిపోయి. తిరిగి చూస్తే కుడి భుజం ముందుకి, చెవులు ముందుకి, కుడి క్యాంటర్. ఎనిమిది అడుగులు. "ఆపి దిగెయ్యండి" అని అరిచాను. ఆవిడకి ఇంకోసారి చేయాలని ఉంది, మొహంలో తెలుస్తోంది. దిగారు. తంగు వదులు చేసి, బెల్లం ముక్క పెట్టి, లాయానికి. మర్నాడు మొదటి అడుగులోనే ఇచ్చింది.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

కొత్త గుర్రం వస్తే మొదటి వారం ఎవరం ఎక్కం. పళ్లు చూపిస్తాం, జీను కింద చెయ్యి పెడతాం, చెమట మచ్చలు ఫొటో తీస్తాం, సైస్‌ని కూర్చోబెట్టి టీ ఇచ్చి అడుగుతాం, ఎక్కడ ముట్టుకుంటే ఒప్పుకోదు అని. రికాబు తోళ్లు నెలకోసారి ఎడమవి కుడికి, కుడివి ఎడమకి మార్చేస్తాం, ఎక్కడానికి సిమెంటు దిమ్మె కట్టించాను. ప్రతి విద్యార్థినీ వెనక నుంచి వీడియో తీస్తాను. డ్రా రెయిన్స్ చాచాకి ఇచ్చేశాను, ఆయన వాటితో గడ్డిమోపులు కడుతున్నారు.

ఇదే ఫిర్యాదుతో వచ్చే ప్రతి గుర్రానికీ ఇదే కారణం ఉంటుందనుకోవద్దు. తర్వాత వచ్చిన ఇంకో గుర్రానికి తల ఎత్తడం అచ్చం ఇలాగే ఉంటే, పళ్లూ జీనూ బాగానే ఉన్నాయి, తీరా చూస్తే వెనక కాలి మధ్యలో ఉండే హాక్ కీలులో తేడా. వెతికే వరస మాత్రం మార్చను: ముందు ఒళ్లు, తర్వాత సామాను, తర్వాత రౌతు, ఆ తర్వాతే శిక్షణ. సామెత సంగతి అడిగితే, మూడు కాళ్ల మీద నడిచే గుర్రాన్ని చూస్తే నాలుగో కాలు ఎత్తి చూడమంటాను.

జనవరిలో చుట్టుపక్కల లాయాల వాళ్లమంతా కలిసి ఒక ప్రాక్టీస్ టెస్ట్ పెట్టుకున్నాం, బయటి నుంచి ఒక జడ్జిని పిలిచి. బాదానికి 58 శాతం చిల్లర వచ్చింది. కుడి క్యాంటర్‌కి ఐదు, "కాస్త హడావిడి" అని రాశారు, నిజమే, జనాన్ని చూసి తొందరపడింది. పగ్గాలు పొడుగ్గా వదిలి నడిపించే ఫ్రీ వాక్‌కి ఏడు. ఓనర్ ఆ ఐదు చూసుకుని దిగులుపడుతుంటే, ఆ ఏడు దేనికని చాచా అడిగి తెలుసుకుని ఫోన్‌లో ఎవరికో చెప్పుకున్నారు. చలిగాలి కొట్టే పొద్దున్న ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎడమ కాలి మీదే లేస్తుంది, అప్పుడు వలయంలోకి వెళ్లి తకధిమి నుంచి మొదలెడతాం. ఆరు నెలలు దాటింది, మళ్లీ పళ్లు చూపించాలి. డాక్టర్ గురువారం వస్తానన్నారు.